ఏరి పక్కన పెట్టిన గింజలు

సెప్టెంబర్ 18

కొత్త పోస్టింగ్‌లో మొదటి రోజు. ఆఫీసంటే ఒక గది, ఒక బీరువా, శబ్దం తప్ప గాలి ఇవ్వని ఒక ఫ్యాను. బీరువా తాళం పాత ఆఫీసరు పట్టుకుపోయాడట. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరికీ లేదు.

సార్ ఫోన్‌లోనే పని చెప్పారు. ఇక్కడ మొక్కజొన్న బాగా పండుతుంది. బూజు కూడా అంత బాగానే పడుతుంది. పోయినేడు మిల్లు చాలా లోడ్లు గేటు దగ్గరే తిప్పి పంపేసింది. ఈ ఏడు తిప్పి పంపకూడదు. అదీ నా ఉద్యోగం. మిగతాది మీ తెలివి అన్నారు. తెలివి మాట వచ్చిందంటే బడ్జెట్ లేదని అర్థం.

అత్తయ్య నాతో వచ్చారు. మా ఆయన ఓడ దిగేదాకా నాకు తోడుగా. సామాను దించేలోపే పక్క వాటావాళ్లతో చుట్టరికం కలిపేశారు. ఎవరికి ఎవరు తోడో చూడాలి.

సెప్టెంబర్ 22

మార్కెట్ షెడ్డులో మొదటి మీటింగ్. మగవాళ్లు వెనక గోడకు చేరగిలబడి కూర్చున్నారు. ఆడవాళ్లు ముందు నిలబడ్డారు. బూజు ఫొటోలు చూపించాను. బాగా పెద్దవి చేసి తీసినవి. కాలీఫ్లవర్ తోటలా ఉందని ఎవరో అన్నారు. షెడ్డంతా నవ్వింది.

ఆ నవ్వుల మధ్యే చెప్పాల్సినవన్నీ చెప్పేశాను. కంకులు కోయగానే మట్టి మీద కుప్ప పోయొద్దు, టార్పాలిన్ మీద పోయండి. బాగా ఎండాకే ఒలవండి. బూజు పట్టినవి, పగిలినవి, రంగు మారినవి ఏరి పక్కన పెట్టండి. బస్తాలు గోడకు తగలకుండా, నేలకు ఆనకుండా పేర్చండి. ఆ బూజులో కంటికి కనబడని విషం ఉంటుంది, కడిగినా పోదు, ఉడికించినా పోదు.

ముందు వరుసలో ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. ఇదంతా చేస్తే మిల్లువాడు లోడు తీసుకుంటాడా అని అడిగింది. తిప్పి పంపడు అన్నాను.

"అలా చెప్పు మరి. మధ్యలో ఈ కాలీఫ్లవర్ల గోలెందుకు?" అంది.

ఆవిడను అందరూ కమాండర్ అంటారట. పోయిన భర్త సైన్యంలో వంట చేసేవాడు. పెత్తనం చేసే గుణం మాత్రం ఈవిడకే వచ్చింది.

సెప్టెంబర్ 29

ఉప్పు సీసా పాఠం. బాగా ఎండిన గాజు సీసాలో గింజలు, పొడి ఉప్పు వేసి కుదిపి కాసేపు వదిలేయాలి. ఉప్పు గాజుకు అంటుకుంటే ఇంకా తడి ఉన్నట్టు. జారిపోతే ఎండినట్టు. మీటర్ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు.

కమాండర్ తన కొడుకును పిలిచి సీసా కుదిపించింది. ఉప్పు అంటుకుంది. వీడు కూడా ఇంతే, ఎంత ఎండబెట్టినా ఆరడు అంది. కొడుకు ట్రాక్టర్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ పక్కన నిలబడ్డ కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నాకు తేమ మేడం అని పేరు పడింది.

అక్టోబర్ 5

వాన. టార్పాలిన్లు మడిచి ఉన్నాయి. మనుషులు కూడా.

అక్టోబర్ 14

కోతలు జోరుగా ఉన్నాయి. రోడ్డు మీద ఒక్క గింజ లేదు. పోయినేడు ఇదే రోడ్డు మీద బస్సులు గింజల మీదుగా పోయేవట. ఇప్పుడు ఎక్కడ చూసినా నీలం టార్పాలిన్లే. కమాండర్ చీపురు పట్టుకుని కాపలా. మేకలను తోలుతుంది, చెప్పులతో తొక్కిన మగవాళ్లను అంతకంటే గట్టిగా తోలుతుంది.

ఆడవాళ్లు వరుసగా కూర్చుని చేటల్లో గింజలు ఏరుతున్నారు. కమాండర్ కోడలి చేతులు చూస్తూ ఉండిపోయాను. మాట్లాడదు. గింజ ఇటు, గింజ అటు. చూస్తున్నట్టు కూడా ఉండదు. మంచివి కుడివైపు గంపలోకి, చెడ్డవి ఎడమవైపు గంపలోకి.

నేను ఫొటోలు తీసింది కుడివైపు గంపలకే.

అక్టోబర్ 25

మొదటి లోడు పాసైంది. మిల్లులో క్వాలిటీ చూసేది ఒకావిడ. మొహంలో ఏ భావమూ కనిపించదు. గొట్టం బస్తాలోకి గుచ్చి తీసింది, చూసింది, మళ్లీ గుచ్చింది, లోపలికి పంపమని తల ఊపింది. కమాండర్ కొడుకు ట్రాక్టర్ హారన్ ఆపకుండా కొట్టాడు.

సార్‌కు మెసేజ్ పెట్టాను. బొటనవేలి బొమ్మ వచ్చింది.

నవంబర్ 2

సార్ స్వయంగా వచ్చారు. ఇప్పటిదాకా ఒక్క లోడు కూడా వెనక్కి రాలేదు. కమాండర్‌కు శాలువా కప్పారు. ఎండలో శాలువా ఏమిటని ఆవిడ అప్పుడే మడిచి చంకలో పెట్టుకుంది.

షెడ్డు మూల ఏరేసిన గింజలు బస్తాల్లో నింపి, మూతి కుట్టి, వరుసగా పేర్చి ఉన్నాయి. పనికిరాని వాటికి కూడా ఇంత క్రమశిక్షణా అని సార్ మెచ్చుకున్నారు. ఆ బస్తాల ముందు నిలబడి ఫొటో దిగారు. నేనూ పక్కన నిలబడ్డాను. బాగా వచ్చింది.

నవంబర్ 4

ఈ రోజు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఉద్యోగంలో ఇంతకంటే సుఖం లేదు.

నవంబర్ 9, సాయంత్రం

ఇంటికి రాగానే అత్తయ్య వేడి రొట్టెలు పెట్టారు. ఆకలి మీద ఉన్నాను. రెండోది సగంలో ఉండగా కొంచెం చేదుగా ఉంది, పిండి ఎక్కడిది అని అడిగాను. మెట్ల కింద గోతం పెట్టావు కదా, అందులోదే అన్నారు.

ఆ గోతం పక్క ఊరి ట్రైనింగ్‌లో చూపించడానికి తెచ్చింది. దాని మీద మార్కర్‌తో నేనే పెద్ద అక్షరాలతో పనికిరానివి అని రాశాను. అత్తయ్యకు చదువు వచ్చు.

"పనికిరానివని రాసుంది కదా అత్తయ్యా" అన్నాను.

"మిల్లుకు పనికిరావు. మనకేం?" అన్నారు.

మళ్లీ ఏరారట. కడిగారట. మేడ మీద ఎండబెట్టి పిండి పట్టించారట. ఈ వారమంతా తింటున్నది అదేనట. నువ్వు చూసుకోకుండా వదిలేస్తే నేను చూసుకున్నాను అని కాస్త గర్వంగానే చెప్పారు.

డబ్బాలో పిండి తీసుకెళ్లి కాలవలో పోసి వచ్చాను.  అత్తయ్య లోపలికి వెళ్లి, కాసేపటికి గుమ్మంలోకి వచ్చి నా చేతుల వంక చూశారు. తిండి గింజను మురుగులో పోసిన చేతులు ఎలా ఉంటాయో చూద్దామని వచ్చాను అన్నారు.

గిన్నె అడుగున ఇంకా రెండు రొట్టెలు ఉన్నాయి. వాటిని కూడా పారేశాను.

నవంబర్ 9, మళ్లీ

అత్తయ్య మాట్లాడడం లేదు. నేను కూర్చుని ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను. ఏరి పక్కన పెట్టమన్నాను. పక్కన అంటే ఎక్కడో చెప్పానా?

చెప్పలేదు. నా పాఠంలో ఆ వాక్యం అక్కడితో ఆగిపోతుంది. సార్ ఇచ్చిన పాఠంలో కూడా.

నవంబర్ 10

షెడ్డు మూల బస్తాలు లేవు.

ఎవరిని అడిగినా దాపరికం లేకుండా చెప్పారు. ఇంటికి తీసుకెళ్లాం అన్నారు. ఇందులో అడగడానికి ఏముంది అన్నట్టు చూశారు. ఒకావిడ నానబెట్టి జావ కాస్తుంది. ఒకావిడ మంచి పిండిలో కలుపుతుంది. ఒకాయన కోళ్లకు వేస్తాడు, ఆ కోళ్లు పెట్టిన గుడ్లు ఇంట్లోనే తింటారు. విషమని చెప్పాను కదా అంటే, ఆ కాలీఫ్లవరా అని నవ్వారు.

కమాండర్ అరుగు మీద కూర్చుని ఉంది. ఇంటి వెనక అవే బస్తాలు. నేను పారేయమంటే ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు.

"మిల్లుకు ఇస్తానంటే వద్దన్నావు. తింటానంటే వద్దంటావు. దున్నింది, విత్తింది, ఏరింది దేనికమ్మాయ్, చూసుకోడానికా?"

పాతికేళ్లుగా ఇవే తింటున్నాం, చచ్చామా అంది. అప్పుడు మంచివాటిలో కలిసి ఉండేవి పెద్దమ్మా, ఇప్పుడు చెడ్డవి ఒక్కచోట చేరాయి అన్నాను. ఆ మాట అంటుండగానే అది నేను చేయించిన పనేనని తట్టింది. ఆవిడ మాత్రం మజ్జిగ తాగి పొమ్మంది.

నవంబర్ 11

సార్‌కు ఫోన్ చేశాను. మన ప్రాజెక్ట్ మిల్లు గేటు దగ్గర ముగుస్తుంది అన్నారు. ఇళ్లల్లో ఏం తింటున్నారన్నది ఆరోగ్య శాఖ విషయం, మనం వేలు పెట్టకూడదు అన్నారు. మంచి ఫలితాలు వచ్చిన ఏడాది ఇలాంటివి తవ్వకండి అని కూడా అన్నారు, మెల్లగా, మంచి కోరి చెప్పినట్టు.

కమాండర్ ఇంటి వెనక బస్తాలోంచి పిడికెడు గింజలు తెచ్చుకున్నాను. మిల్లు క్వాలిటీ ఆవిడకు ఇచ్చాను. వాళ్ల శాంపిల్స్‌తో పాటు ల్యాబ్‌కు పంపగలరా అని అడిగాను. తల ఊపింది. ఎందుకని అడగలేదు.

నవంబర్ 16

కమాండర్ కుక్క చచ్చిపోయింది. వయసైందిలే అంది. నాకు గుర్తున్నంతవరకు అది నిన్నమొన్నటిదాకా టార్పాలిన్ల మీద దూకుతూ తిట్లు తిన్న పిల్ల కుక్క.

ఏం పెట్టేవారని అడిగాను. మేం తాగే జావే అంది.

నవంబర్ 17

మళ్లీ వెళ్లాను. ఇంటింటికీ తిరిగాను. అందరూ మర్యాదగా విన్నారు. ఒక బస్తా కూడా కదల్లేదు.

నవంబర్ 23

కమాండర్ కోడలు ఆసుపత్రిలో ఉంది.

మిల్లు దగ్గర తెలిసింది. ట్రాక్టర్ రాలేదేమిటని అడిగితే చెప్పారు. వెళ్లేసరికి కొడుకు మందుల కోసం పరుగెడుతున్నాడు. కోడలు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పలకరిస్తే కళ్లు తెరిచింది. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. కాళ్లకు వాపు. డాక్టర్ లివర్ అన్నాడు. ఏం తిన్నదో కనుక్కుంటున్నాం, ఖాయంగా ఇదీ అని ఇప్పుడే చెప్పలేను అన్నాడు. నేను గింజల సంగతి చెప్పాను. ల్యాబ్ రిపోర్ట్ వస్తే వెంటనే తెమ్మన్నాడు.

కారిడార్‌లో బెంచీ మీద కమాండర్. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఎదుటి గోడ మీద చేతులు కడుక్కోండి అన్న పోస్టర్ వంకే చూసింది. తర్వాత తనే మొదలుపెట్టింది.

"కొడుక్కి మంచి పిండే. చుట్టాలొస్తే మంచి పిండే. మా ఇద్దరికీ ఏరిన గింజల జావ. నాకు అరగదు, ఒక గ్లాసు తాగి ఊరుకుంటా. పిల్ల నీరసంగా ఉందని నా వాటా కూడా దానికే పోశా. అడుగున చిక్కటిది ఉంటుందే, అది. బలమని పోశా."

అడుగున చిక్కటిది ఎంత ఉండేదో వేళ్లతో కొలిచి చూపించింది.

"ముందు అన్నీ కలిసే ఉండేవి కదమ్మాయ్. మంచీ చెడ్డా ఊరంతా పంచుకునేది. నువ్వొచ్చి వేరు చేయించావు. మంచిదంతా మిల్లుకు పోయింది. చెడ్డదంతా నా కోడలి కంచంలోకి వచ్చింది."

విషమని మొదటి రోజే చెప్పాను కదా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. చెప్పిన మాట నిజమే. ఆవిడ అన్నది కూడా నిజమే. రెండూ నిజమైనప్పుడు నోరు మూసుకోవాల్సింది ఉద్యోగస్తురాలే అనిపించింది.

కొడుకు మందులు తెచ్చాడు. ఆవిడ లేచి లోపలికి వెళ్లింది. నన్ను రమ్మనలేదు.

నవంబర్ 26

రిపోర్ట్ వచ్చింది. క్వాలిటీ ఆవిడ తనే ఆఫీసుకు తెచ్చి ఇచ్చింది. విషం అనుమతించే హద్దుకు ఎన్నో రెట్లు ఉంది. ఇది పశువులకు కూడా పెట్టకూడదు అంది. ఆవిడ గొంతు వినడం నాకు ఇదే మొదలు.

డాక్టర్‌కు ఇచ్చాను. కోడలు ఇంకా అలాగే ఉంది.

ఇంటికి వచ్చి అత్తయ్యకు చదివి వినిపించాను. అంకెలు అడగలేదు. కోడలి కళ్లు ఎలా ఉన్నాయని మాత్రం అడిగారు. చెప్పాను. లేచి వంటింట్లోకి వెళ్లి, పప్పు డబ్బా వెనక దాచిన ఇంకో చిన్న డబ్బా తీసుకొచ్చి నా ముందు పెట్టారు. అందులో ఆ పిండే. నాకు తెలియకుండా ఒక గిద్దెడు ఉంచుకున్నారన్నమాట. 

రేపు నేనూ వస్తాను అన్నారు.

నవంబర్ 27

అత్తయ్యను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ఊరంతా తిరిగాను. నేను వాకిట్లో నిలబడి మాట్లాడతాను. ఆవిడ నేరుగా వంటింట్లోకి వెళ్లిపోతారు. ఫొటోలు లేవు, పాఠం లేదు. నేనూ కడిగాను, నేనూ ఎండబెట్టాను, నేనూ తిన్నాను, మా కోడలికి కూడా పెట్టాను, చేదుగా ఉందని అది చెప్పినా వినలేదు అని చెప్పుకుంటూ పోయారు. ఆవిడ తప్పు చెప్పుకుంటుంటే ఎదుటివాళ్లు తమ జావ గిన్నె మూత తీసి చూపిస్తున్నారు.

మధ్యాహ్నానికి బస్తాలు షెడ్డుకు రావడం మొదలైంది. ఊరి వెనక గొయ్యి తవ్వి పాతిపెట్టాం. ఒక ముసలావిడ గోతిలో మట్టి వేసేటప్పుడు గట్టిగా ఏడ్చింది. మనిషిని పాతినట్టుందని అంది. ఎవరూ నవ్వలేదు.

కమాండర్ బస్తాలు మాత్రం రాలేదు. ఇంటికి తాళం.

నవంబర్ 29

గొయ్యి తవ్వేశారు.

పొద్దున వెళ్తే మట్టి పక్కకు తోసి ఉంది. అన్నీ కాదు, పైన ఉన్న బస్తాలు పోయాయి. ఎవరో తెలియదు. ఈ ఊరివాళ్లే కానక్కర్లేదు. ఇంట్లో గింజ లేనివాళ్లకు గోతిలో బస్తా అంటే ఏమిటో నేను ఊహించాల్సింది. కోపం రాలేదు. గోతి అంచున నిలబడి, మట్టి కప్పినంత మాత్రాన ఇది తిండి కాకుండా పోదు అనుకున్నాను. కాల్చేయాలి.

కాలుద్దామంటే ఎవరూ అగ్గిపుల్ల గీయరు. అది కూడా నాకు తెలుసు.

డిసెంబర్ 1

కోడలికి వాపు కాస్త తగ్గింది. డాక్టర్ ఇవాళ నవ్వాడు. కొంచెం.

డిసెంబర్ 3

ఇటుకల బట్టీ ఆసామి దగ్గరికి వెళ్లాను. బట్టీ కాల్చడానికి పొట్టు, ఊక, ఏది దొరికితే అది వేస్తాడని తెలుసు. పాడైన మొక్కజొన్న వేస్తారా అని అడిగాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. నా బట్టీని సినిమా హాలు చేస్తారా మేడం, లోపల పేలాలు పేలితే ఇటుకలు అమ్ముకోనా, పొట్లాలు అమ్ముకోనా అన్నాడు.

చివరికి ఒక బస్తా వేసి చూద్దామన్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, దుమ్ము పీల్చొద్దు అని పనివాళ్లకు చెప్పాను. పేలింది నిజమే. టపటపమని కాసేపు. తర్వాత బాగా మండింది. ఆసామి గడ్డం గోక్కున్నాడు. ఎన్ని బస్తాలున్నాయి అన్నాడు.

బదులుగా ఇటుకలు ఇస్తారా అన్నాను. విరిగినవి ఇస్తానన్నాడు. మంచివే కావాలన్నాను. బేరంలో అత్తయ్య ఉంటే బాగుండేది. సగం మంచివి, సగం అంచు విరిగినవి అని కుదిరింది.

డిసెంబర్ 5

ఇటుకలు అనగానే ఊరి మొహం మారింది. గోతిలో మిగిలిన బస్తాలు వాళ్లే పైకి తీసి బట్టీకి తోలారు. పారేయడం లేదు, మార్చుకుంటున్నాం. అదే గింజ, అదే బస్తా, మాట ఒక్కటే వేరు. గొయ్యి పూడ్చినప్పుడు ఏడ్చిన ముసలావిడ తనే బండి ఎక్కి బట్టీ దాకా వెళ్లి ఇటుకలు వేలితో తట్టి ఏరి తెచ్చుకుంది. వాటితో ఇంట్లో తిన్నె కట్టి, దాని మీద మంచి బస్తాలు పేరుస్తుందట, చెమ్మ తగలకుండా. అది నా పాఠంలోదే. వాళ్లు మర్చిపోయారనుకున్నాను.

ఎవరో కోళ్లకని దాచుకున్నవి కూడా తెచ్చారు. అన్నీ వచ్చాయని అనుకోను.

డిసెంబర్ 12

కోడలు ఇంటికి వచ్చింది.

డిసెంబర్ 15

కమాండర్ ఇంటికి వెళ్లాను. మాట్లాడుతుందో లేదో తెలియదు. మాట్లాడింది, కానీ మేడం అని పిలిచింది. ఆవిడ నోట ఎప్పుడూ రాని పిలుపు. ఇంటి వెనక బస్తాలు లేవు. ఎప్పుడో కొడుకు చేత బట్టీకి తోలించిందట. ఇటుకలు తెచ్చారా అని అడిగాను. వద్దని చెప్పాను, వాటితో ఏం కట్టుకోను అంది.

డిసెంబర్ 18

షెడ్డులో మీటింగ్. రెండో పంట గురించి. జనం బాగానే వచ్చారు. కమాండర్ కూడా వచ్చింది. ముందు వరుసలో కాదు, వెనక గోడ దగ్గర. పక్కన కోడలు, శాలువా కప్పుకుని. సార్ ఇచ్చిన శాలువా.

పాఠంలో కొత్త వాక్యం చేర్చాను. ఏరినవి నేరుగా బట్టీకి. ఇంటికి కాదు, కోళ్లకు కాదు, గోతికి కాదు. సందేహాలుంటే అడగండి అన్నాను.

కోడలు లేచి నిలబడింది. ఇన్ని నెలల్లో ఆ అమ్మాయి గొంతు నేను వినలేదు. చాలామంది విని ఉండరు. అందరూ వెనక్కి తిరిగారు.

"చెడ్డవి ఎక్కడ పోయాలో చెప్పారు. బాగుంది. మంచివి ఎక్కడికి పోతున్నాయో కూడా చెప్పండి."

మిల్లుకు అని ఎవరో అన్నారు.

"మొత్తం మిల్లుకే ఎందుకు? చెడ్డవి పోతే మరి ఇంట్లో ఏం తినాలి? ఏరగానే ముందు ఇంటికి సరిపోయేంత తీసి పెట్టాలి. మంచివాటిలోంచే. మిగిలింది మిల్లుకు."

వెనక గోడ దగ్గర మగవాళ్లు గొణిగారు. లోడు తగ్గుతుందన్నారు. మిల్లువాడితో మాట పోతుందన్నారు. ఇంటికి మంచి గింజ ఎందుకు, ఎవరు చూడొచ్చారు అని ఒకాయన అన్నాడు.

"నేను చూశాను" అంది ఆ అమ్మాయి. ఇంకేమీ అనకుండా కూర్చుంది. నిలబడలేక కూర్చుంది, అది నాకు కనిపించింది.

అందరూ కమాండర్ వంక చూశారు. ఆవిడ నేల వంక చూసింది.

డిసెంబర్ 20

మిల్లుకు వెళ్లాల్సిన ట్రాక్టర్ కమాండర్ వాకిట్లో ఉంది. వాళ్ల ఇంటినుంచి ఈ ఏడు చివరి లోడు. బస్తాలు కట్టేసి, తాడు బిగించి, కొడుకు సీటెక్కి కూర్చున్నాడు. నేను వెనక స్కూటర్ మీద, మిల్లు దాకా తోడు వెళ్దామని.

కమాండర్ చేయి అడ్డం పెట్టింది. తాడు విప్పమంది. ఇప్పుడా అమ్మా అన్నాడు కొడుకు. విప్పరా అంది. పైవరుసలో బస్తాలు ఒక్కొక్కటీ మూతి విప్పించి, గింజ నోట్లో వేసుకుని కొరికి చూసింది. టక్కుమన్న వాటిలోంచి కొన్ని బస్తాలు దింపించి ఇంట్లోకి మోయించింది. మిల్లువాళ్లకు ఇంత ఇస్తామని చెప్పాం అని కొడుకు గింజుకున్నాడు.

"నేను చెప్తాలే పద" అని ట్రాక్టర్ ఎక్కి బస్తాల మీద కూర్చుంది.

మిల్లు గేటు దగ్గర తూకం చూసేవాడు లోడు తక్కువుందన్నాడు. కమాండర్ పైనుంచే చెప్పింది. మిగతాది తినడానికి ఉంచుకున్నాం. వాడికి ఏం రాసుకోవాలో తెలియలేదు. క్వాలిటీ ఆవిడ వచ్చి గొట్టం గుచ్చి చూసి, లోపలికి పంపమని తల ఊపింది.

తిరిగి వచ్చేటప్పుడు కమాండర్ నా స్కూటర్ వెనక కూర్చుంది. దారిలో ఇంకో రెండు వాకిళ్లలో కూడా లోడు తాళ్లు విప్పి బస్తాలు దింపుతున్నారు. ఇంటి ముందు దిగి, మెల్లగా నడుపు అమ్మాయ్ అంది.

జనవరి 8

కోడలికి మళ్లీ పరీక్షలు చేశారు. లివర్ పూర్తిగా మునుపటిలా అవుతుందో లేదో చెప్పలేమన్నారు. బరువు పనులు వద్దన్నారు. ఇంట్లో పొయ్యి దగ్గర కమాండర్ కూర్చుని ఉంది. వంట ఏమీ బాలేదని కొడుకు నాతో గుసగుసగా చెప్పాడు. కమాండర్‌కు వినబడింది.

జనవరి 19

సార్ ఫోన్. మిల్లు రిజెక్షన్లు లేవు, చాలా సంతోషం. కానీ మొత్తం సప్లై ఈ ఏటి అంచనా కంటే తగ్గింది. పైవాళ్లు అడుగుతున్నారు. దిగుబడి పడిపోయిందా, దళారులు ఎత్తుకుపోయారా, రిపోర్టులో కారణం ఏం రాస్తారు అన్నారు.

"తింటున్నారు సార్" అన్నాను.

 అలా రాస్తే బాగుండదేమో అన్నారు. అలాగే రాశాను.

ఫిబ్రవరి 3

పక్క మండలాలకు కూడా నన్నే వెళ్లమన్నారు. పనితనానికో, శిక్షకో తెలియదు. అత్తయ్య సంచి సర్దుకుని సిద్ధంగా ఉన్నారు. మా ఆయన ఓడ దిగాడు. అమ్మను పంపించమని అడిగాడు. ఆవిడకు ఇప్పుడు తీరిక లేదని చెప్పాను.

మార్చి 11

స్కూటర్ మెకానిక్ దగ్గర ఉంది. ముందెప్పుడూ చూడని ఊళ్లో బస్సు కోసం నిలబడ్డాను. పక్కన ఒకావిడ, ఒళ్లో మొక్కజొన్న సంచి. నేను ఎవరో ఆవిడకు తెలియదు. సంచి వంక చూస్తున్నానని అనుకుందేమో, మంచి గింజ ముందు ఇంటికి తీసుకోవాలమ్మా, ఆ తర్వాతే అమ్ముకోవాలి, నీకు తెలీదా అంది.

తెలీదన్నాను.

బస్సు వచ్చేదాకా చెప్పింది.